కత్తి రాణి మొహం

హమీదాబీకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా బోర్డు మీద నిలబడిన కత్తి రాణి మొహం తనదేనని అత్త దస్తగిరమ్మ కనిపెట్టేస్తుందేమోనని.

భయాలు ఆమెకు కొత్తేమీ కాదు. పాప గౌను గుండీ పీకి మింగుతుందేమో, కిరసనాయిలు స్టవ్వు భగ్గుమంటుందేమో, ఎక్కిన బస్సు చక్రం ఊడుతుందేమో, ఇప్పుడు ఊడకపోతే తిరుగు ప్రయాణంలో ఊడుతుందేమో. ఇట్లాంటివన్నీ ఆమె పొద్దున్నే లేచి, మొహం కడుక్కునే లోపలే ఒక దఫా భయపడి ముగించేది. తరువాత వంటపని చూసుకునేది. కానీ ఈ భయం వేరు. ఇది రెండు నిలువుల ఎత్తున, రకరకాల రంగుల్లో, నట్టనడి బజారులో నిలబడి ఉంది.

ఎనభై ఎనిమిది ఎండాకాలం. చిన్నాయన కూతురి నిఖా ఉందని, ఆదోని నుంచి పుట్టింటికి పాపను చంకనేసుకుని వచ్చింది. బస్సు దిగింది. తల ఎత్తింది. ఎత్తిన తల మళ్ళీ దించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మెడ పైన ఉన్నదంతా తనదే. గుండ్రటి బుగ్గలు, కొంచెం ముందుకొచ్చిన పై పెదవి, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన చిన్న గాటు. ఆ గాటు చిన్నప్పుడు నాయన దూదేకే వింటి దగ్గర మొహం పెడితే, నారి తెగి కొట్టుకున్నది. మెడ కింద ఉన్నది మాత్రం ఎవరిదీ కాదు. అల్లా అట్లాంటి ఒళ్ళు ఇంతవరకు ఎవరికీ ఇచ్చిన దాఖలా లేదు. నడుము గాజులో దూరేటంత. ఆ నడుము మీద రెండు నీళ్ళ బిందెలు బోర్లించినట్టు రొమ్ము, ఆ బిందెలకు ఇత్తడి కవచం. కాళ్ళు మొదలైన చోటు తెలుస్తుంది గాని, ఎక్కడ ముగుస్తాయో తెలుసుకోవాలంటే కొంచెం దూరం నడవాలి. పక్కనే ఒక వీరుడు. వాడి భుజాలు రెండు పత్తి బోరేలు. వాటి నడుమ తల, మూటల మీద ఎవరో మరిచిపోయిన నిమ్మకాయ మాదిరి ఉంది.

ఆ బోర్డు గీసింది హమీదాబీ మొగుడు ఇస్మాయిల్.

ఇస్మాయిల్ ఆదోనిలో సినిమా హాళ్ళకు బోర్డులు గీసేవాడు. సినిమా బోర్డుకైతే చిక్కు లేదు. హాలు వాళ్ళు ఒక ఫోటో ఇస్తారు. దాని మీద చిన్న గళ్ళు, రేకు మీద పెద్ద గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి దించితే నాయకుడు నాయకుడిగానే వస్తాడు. ఇది సినిమా కాదు. ఎమ్మిగనూరు బసన్న బెంగళూరు నుంచి లారీలో తెచ్చిన వీడియో గేము. బీరువా అంత పెట్టె, దానికి ఒక అద్దం, అద్దం కింద ఒక పుల్ల, నాలుగు గుండీలు. రూపాయి బిళ్ళ వేస్తే అద్దంలో వీరుడు పుడతాడు. వాడు జొన్నగింజ అంత ఉంటాడు. రాక్షసులు ఆవగింజలు. వంతెనలు దాటి, ఆవగింజలను చంపుకుంటూ పోతే చిట్టచివర కత్తి రాణి కనిపిస్తుందని బసన్న చెప్పాడు.

"లోపల ఉండేది సన్నంగా ఉంది ఇస్మాయిలన్నా," అన్నాడు బసన్న, పని అప్పజెప్పిన రోజు. "అందుకే బయట ఉండేది దిట్టంగా ఉండాల. బస్సులో కూసున్నోడు కిటికీలోంచి దూకల్ల."

"ఎంత దిట్టంగా?"

"నీ సేతికి ఎంత వస్తాదో అంత. అది అయినంక ఇంకొంచెం."

బసన్న ఆదోనికి వచ్చి, ఇస్మాయిల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మెడ కింది భాగమంతా దగ్గరుండి గీయించుకున్నాడు. ఇస్మాయిల్ గీయడం, బసన్న 'ఇంకొంచెం' అనడం. నడుము దగ్గర మాత్రం 'ఇంకొంచెం' అంటే సన్నం చేయమని. బోర్డుకు రెండు రేకులు. కింది రేకు ముగిశాక బసన్న వెళ్ళిపోయాడు. మొహాలు గీయాల్సిన పై రేకు మిగిలింది. వీరుడి మొహం నిమ్మకాయంతే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. రాణి మొహానికి ఫోటో లేదు. ఆ రోజుల్లో పాపకు జ్వరం. హమీదాబీ గడపలో కూర్చుని, పాపను ఒళ్ళో వేసుకుని, నుదురు తడిగుడ్డతో తుడుస్తూ ఉండేది. ఇస్మాయిల్ కుంచె ముంచినప్పుడల్లా తల ఎత్తేవాడు. ఎత్తితే కనిపించేది ఆ గడపే. అంతకుమించి ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. ఆమె పాప నుదురు నుంచి కన్ను తిప్పి ఆ రేకు వైపు ఒక్కసారి చూసినా సరిపోయేది. చూడలేదు. రేకులకు గోనెపట్టాలు చుట్టి లారీకెక్కించారు.

ఇప్పుడు ఆమె బస్టాండులో నిలబడి, కొంగు లాగి కనుబొమ్మ దాకా కప్పుకుంది.

బోర్డు పెట్టిన బసన్న దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఆమె నాయన ఇమాం సాబ్ పరుపుల అంగడి, దాని వెనకనే ఇల్లు. రోజంతా ఆయన ఆ బోర్డును చూస్తూనే దూది ఏకుతాడు. హమీదాబీ గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"నాయనా, ఎదురుగా బోర్డు పెట్టినారే, సూసినావా?"

"సూడకుంటే యాడ పోతానమ్మీ. కండ్లు తెరిస్తే అదే కదా," అన్నాడు ఇమాం సాబ్. "ఎవురి బిడ్డనో పాపం. నడుము సూడు. అన్నం పెట్టే దిక్కు లేదేమో."

కన్నతండ్రి గుర్తుపట్టలేదు. ఆమెకు పెద్ద ఊరట కలిగింది. ఆ ఊరట వెనకనే, ఇరవై రెండేండ్లు పెంచిన నాయన గుర్తుపట్టకపోవడమేమిటని కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఇస్మాయిల్, బసన్న దుకాణం పక్కగోడకు రాక్షసులను గీయడానికి వచ్చినప్పుడు, అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమయ్యా, ఆ రాణి మొహం యాడ సూసి గీసినావు?"

"యాడా సూడలేదు. ఊరికే సెయ్యి పోయింది."

"ఎవురి మాదిరైనా ఉండాదా?"

ఇస్మాయిల్ ముద్ద నోట్లో పెట్టుకుని, రోడ్డు అవతలికి చూసి, తన పనిని తాను మెచ్చుకున్నాడు. "రాణి మాదిరి ఉండాది. నువ్వు ఎన్నడైనా అట్లాంటి మొహం సూసినావా?"

"లేదు," అంది హమీదాబీ. పాపకు పెట్టాల్సిన ముద్ద తానే తినేసింది.

నాయనకు తెలియదు, మొగుడికి తెలియదు. ఇక దస్తగిరమ్మ మిగిలింది. నిఖా వచ్చే ఆదివారం. అత్త శనివారం ఆదోని బస్సు దిగుతుంది. దస్తగిరమ్మ చీకట్లో బియ్యం తడిమి మట్టిబెడ్డలు ఏరే మనిషి. కోడలి కనుబొమ్మ మీద గాటు పెళ్ళిచూపుల రోజే చూసి, 'ఇది కాయమా, పోతాదా' అని అడిగిన మనిషి. బోర్డు చూస్తే వాడంతా వినిపించేలా ఏమంటుందో హమీదాబీకి ముందే తెలుసు. నా కొడుకు చేత ఒళ్ళు బజారులో పెట్టించుకుంది అంటుంది. ఆ ఒళ్ళు నాది కాదు, మొహం మాత్రమే నాది అంటే ఎవరు వింటారు?

అంతలో విఠల్ వచ్చి పని ఇంకా ముదరబెట్టాడు.

విఠల్, హైస్కూల్లో తెలుగు చెప్పే శ్రీపాదరావు కొడుకు. బి.ఎ. చదివి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే ఉండకూడదని 'తుంగ తరంగం' అనే వారపత్రికకు సమీక్షలు రాసేవాడు. నాటకానికి, హరికథకు, కొత్త హోటలు బొరుగుల ఉగ్గానికి, ఊరేగింపు బ్యాండు మేళానికి, అన్నిటికీ నూటికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. సొంత చెల్లెలి పెళ్ళి భోజనాలకు నలభై రెండు వేసిన మనిషి. చెల్లెలు మాట్లాడడం మానేస్తే, నిష్పక్షపాతానికి ఇంత ఖర్చు తప్పదని ఓర్చుకున్నాడు. బక్కపలచని ఒళ్ళు, కొసదేరిన ముక్కు, గడ్డం నడుమ ఒక నొక్కు. లోకాన్ని మార్కుల కోసం చూసీ చూసీ ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే పైకి లేచి అక్కడే ఆగిపోయింది.

ఆయన బసన్న దుకాణంలోకి వస్తే రోడ్డు అవతలి నుంచి అందరూ చూశారు. బసన్న పరుగున టీ తెప్పించాడు.

"టీ వద్దు బసన్నా. మీ టీ తాగితే నా రాత చెడుతుంది."

"తాగకుంటే నా మనసు సెడతాది స్వామీ."

"అయితే దాని డబ్బులు నేనే ఇస్తాను." ఇచ్చాడు. తరువాత బిళ్ళ వేసి, పుల్ల పట్టుకున్నాడు. జొన్నగింజ పుట్టింది, వంతెన ఎక్కింది, కింద పడి చచ్చింది. మళ్ళీ బిళ్ళ. మళ్ళీ చచ్చింది. మూడోసారి కరెంటు పోయింది.

"ఈసారి మాత్రం నేను చావలేదు," అన్నాడు విఠల్. "సరే, బోర్డు మీది రాణి లోపల ఎక్కడ ఉంది?"

"సివర ఉంటాది."

"మీరు చూశారా?"

"నేనెట్ల సూస్తా? మొదటి వంతెన కాడనే పోతాండా."

"ఇంకెవరైనా చూశారా?"

"బెంగళూరులో నాకు అమ్మినోడు సూసినాడంట. వాని బావమరిది."

ఇమాం సాబ్ తన అంగడి నుంచి గొంతెత్తాడు. "ఏమప్పా విఠలూ, పరుపు మీద పూలబట్ట కుడతాము. లోపల పూలు ఉంటాయా? ఎవురైనా వచ్చి అడిగినారా?"

"పరుపు మీద పూలు ఉండొచ్చు ఇమాం సాబ్. కానీ పరుపు కొన్నవాడికి లోపల దూది అయినా ఉండాలి కదా. ఇక్కడ జొన్నగింజ ఉంది."

"బోర్డు ఏరే, ఆట ఏరే స్వామీ," అన్నాడు బసన్న. "ఆటకు ఏసే మార్కులు ఆటకు ఏయి. బోర్డును ఇడిసిపెట్టు."

"బోర్డు చూసే కదా జనం లోపలికి వచ్చేది. రెండిటికీ వేస్తాను. ఎవరికీ కోపం రాకూడదు. నాకు ఎవరి మీదా ప్రేమ లేదు, ద్వేషమూ లేదు." ఆ మాట విఠల్ చాలా తృప్తిగా అన్నాడు.

గురువారం పత్రిక వచ్చింది. ఇమాం సాబ్ దూది ఏకడం ఆపి, కండ్లద్దాలు పెట్టుకుని, నిదానంగా, అందరికీ వినిపించేలా చదివాడు. లోపల పాపకు జడ వేస్తున్న హమీదాబీ చెవులు రిక్కించింది.

'ఆటకు నూటికి ముప్పై ఒకటి. బోర్డుకు పన్నెండు. వీరుని భుజములు చూచిన వారికి ఆయన ఏ తలుపులోనుండి ఇంటిలోనికి పోవునో అనుమానము కలుగును. రాణి నడుము చూచిన వారికి ఆమె భోజనము చేసిన దినము గుర్తుండదు. ఇవి కళాకారుని అతి. క్షమించవచ్చును. కాని ఆమె ముఖములో తెలివి అన్నది మచ్చుకైనను లేదు. పిల్లవానికి జ్వరము వచ్చిన ఇల్లాలి వలె దిగాలు చూపులు. పైగా ఎడమ కనుబొమ్మ మీద అక్కరలేని గాటు ఒకటి. రాణికి ఆ గాటు ఎట్లు వచ్చెనో కళాకారుడే చెప్పవలెను.'

ఇమాం సాబ్ గొంతు గాటు దగ్గర ఆగిపోయింది. కండ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బోర్డు వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిన కూతురి కనుబొమ్మ చూశాడు. పత్రిక మడిచి పరుపు కింద పెట్టాడు. రోడ్డు వైపు తిరిగి ఉన్న తన పీటను లోపలి గోడ వైపు తిప్పుకుని, బోర్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. గోడతో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"మీ అత్త ఏ బస్సుకొస్తాది?"

"శనివారం మధ్యాన్నం దానికి నాయనా."

"ఊఁ," అన్నాడు.

సిగ్గుతో ఆమె చెవులు మండాయి. సిగ్గు కంటే ఎక్కువగా వేరేది మండింది. తెలివి మచ్చుకైనా లేదా? ఎనిమిదో తరగతిలో బడి మాన్పించేదాకా లెక్కల్లో ఆమెకు ఎదురు లేదు. ఆ బి.ఎ. చదివిన ముక్కు ఆమెను చూసి తెలివి లేదంటుందా? ఆయన తనను చూసి అనలేదని, బోర్డును చూసి అన్నాడని ఆమెకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

పత్రిక చదివినవాళ్ళు గాటు చూడటానికి గుంపులుగా రావడం మొదలుపెట్టారు. బసన్న వచ్చి ఇస్మాయిల్‌ను పట్టుకున్నాడు.

"ఒళ్ళు అట్లనే ఉండనీ అన్నా. ఆ మొహం ఒక్కటి మార్సు."

"మార్సను," అన్నాడు ఇస్మాయిల్. "బాగుండే మొహాన్ని యాడోడు ఏదో రాసినాడని మార్సమంటావా?"

"మార్సయ్యా," అంది హమీదాబీ పక్కనుంచి, పాపను భుజం మార్చుకుంటూ. "నీ సేతిలో ఇంకోటి లేదనుకుంటారు ఊర్లో."

ఇస్మాయిల్ అభిమానం మీద దెబ్బ పడింది. నిచ్చెన ఎత్తాడు. కానీ ఆమె మనసులో లెక్క అంతటితో తెగలేదు. మొహం మారిస్తే ఏ మొహం వస్తుంది? ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళది వస్తుంది. బోర్డుకు ఎదురుగా ఉండేది పరుపుల అంగడి. అంగడిలో నాయన ఉంటాడు, తాను ఉంటుంది. వీళ్ళను ఇద్దరినీ తప్పించి అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టాలి. కదలని మనిషి కావాలి. రోజంతా తలెత్తి బోర్డునే చూసే మనిషి కావాలి. అట్లాంటివాడు ఎమ్మిగనూరులో ఒక్కడే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున విఠల్ ఆ దారిన పోతుంటే ఆమె కొంగు సర్దుకుని ఎదురుపోయింది.

"అన్నా, మా ఆయన రాణి మొహం మారుస్తాండాడు. మీరు ఎదురుగా కూర్చుంటే బాగుంటాది."

"అది కుదరదమ్మా. కళాకారుడి పనిలో సమీక్షకుడు చెయ్యి పెట్టకూడదు."

"సెయ్యి పెట్టొద్దన్నా. నోరు గూడా తెరవొద్దు. ఊరికే కూర్సోని సూస్తా ఉండండి. మళ్ళ రాసేటప్పుడు, మొదలునుంచి సూసి రాసినా అని రాసుకోవచ్చు కదా."

మొదటినుంచి చూసి రాసిన సమీక్షకుడు ఇంతవరకు ఆంధ్రదేశంలో ఉన్నాడా అని విఠల్ ఆలోచించాడు. ఎడమ కనుబొమ్మ ఇంకొంచెం పైకి పోయింది. "మాట్లాడను సుమా."

"వద్దే వద్దన్నా."

అంగడి ముందు ఎత్తుగా పేర్చిన పరుపుల మీద ఆయనను కూర్చోబెట్టింది. నాయనను నమాజు వంక మీద ముందుగా పంపించింది. తాను, పాప లోపలి గదిలోకి పోయి పరదా దించుకున్నారు. తన నీడ కూడా రోడ్డు మీద పడకుండా చూసుకుంది. పరదా సందులోంచి మాత్రం చూస్తూనే ఉంది. రోడ్డు అవతల నిచ్చెనకు కట్టిన పలక మీద నిలబడి ఇస్మాయిల్ పాత మొహం మీద తెల్లరంగు పూశాడు. కుంచె ముంచాడు. తల తిప్పాడు. పరుపుల మీద విఠల్, దర్బారులో నవాబులా, కొసదేరిన ముక్కు పైకెత్తి, కనుబొమ్మ లేపి కూర్చుని ఉన్నాడు. ఇస్మాయిల్ మళ్ళీ బోర్డు వైపు తిరిగాడు. కుంచె ముంచినప్పుడల్లా అంతే. సాయంత్రానికి విఠల్ మెడ పట్టేసింది, కానీ మాట తప్పలేదు. వెలుతురు తగ్గింది, బోర్డు సరిగా కనిపించలేదు, రేపు తీరిగ్గా చూస్తానని లేచి వెళ్ళిపోయాడు.

శనివారం ఆదోని బస్సు వచ్చింది. దస్తగిరమ్మ చేతిసంచితో దిగింది. తల ఎత్తింది. హమీదాబీ పాపను గట్టిగా హత్తుకుని పక్కనే నిలబడింది. ముసలామె చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలో చాలాసేపు చూసింది. బిందెలు చూసింది, నడుము చూసింది, మళ్ళీ మొహం దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏమే కోడలా, ఎవుడే ఆడేషం కట్టినోడు? ముక్కుతో కోస్తే కత్తి గూడా అక్కరలేదు వానికి."

"ఏమో అత్తా," అంది హమీదాబీ. ఒళ్ళంతా తేలికై, పాప బరువు కూడా తెలియలేదు. "మీ కొడుకు గీసినాడు."

"వానికి మొగోళ్ళ బొమ్మలే బాగొస్తాయిలే," అని దస్తగిరమ్మ సంచి ఆమె చేతికిచ్చి నడిచింది.

నిఖా పందిట్లో భోజనాలయ్యాక ఇస్మాయిల్ పెళ్ళాం పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"మొదట గీసిందే బాగుండె," అన్నాడు.

"ఎందుకు?"

"ఏమో. అది గీస్తాంటే సెయ్యి నొయ్యలేదు. ఇది గీసినంక భుజం గుంజుతాంది."

హమీదాబీ ఆయన విస్తట్లో మిగిలిన మిఠాయి తీసి ఆయన నోటికే అందించింది. అందరూ చూస్తున్నారన్న భయం ఆ ఒక్క నిమిషం ఆమెకు రాలేదు.

మరుసటి గురువారం పత్రికలో బోర్డుకు డెబ్బై ఎనిమిది మార్కులు. విఠల్ చేతి నుంచి అన్ని మార్కులు అంతకుముందు ఎవరికీ రాలేదు. 'రాణి ముఖములో ఇప్పుడు తెలివి, గాంభీర్యము ఉట్టిపడుచున్నవి. ముక్కు తీరు ప్రశంసనీయము. ఈ ముఖమును ఎక్కడనో చూచినట్లు తోచుచున్నది. ఉత్తమ కళకు అదియే గుర్తు.'

ఎమ్మిగనూరంతా ఆ వాక్యాన్ని నోటికి నేర్చుకుంది. మగ్గాల దగ్గర, టీ బంకుల దగ్గర, దాన్ని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించేవాళ్ళు. విఠల్ రోడ్డు మీద కనిపిస్తే జనం దారి ఇచ్చి, ఎడమ కనుబొమ్మ లేపి దండం పెట్టేవాళ్ళు. నిష్పక్షపాతానికి ఇన్నాళ్ళకు గౌరవం వచ్చిందని ఆయన పొంగిపోయాడు. అసలు సంగతి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కొందరికి జాలి, ఎక్కువమందికి ఇంకొన్నాళ్ళు చూద్దామన్న సరదా.

హమీదాబీ ఆదోనికి తిరిగి వచ్చేసింది. బస్సు చక్రం ఊడలేదు. ఒక్క వారం నిమ్మళంగా గడిచింది. తరువాత నాయన దగ్గర నుంచి కబురు వచ్చింది. విఠల్‌కు పెళ్ళి సంబంధం కుదిరేలా ఉందట. అమ్మాయి తరఫువాళ్ళు మంత్రాలయం నుంచి పిల్లవాణ్ణి చూడటానికి బస్సులో వస్తున్నారట. బస్సు ఆగేది ఎక్కడో ఆమెకు తెలియనిది కాదు. దిగగానే వాళ్ళు తల ఎత్తితే, పిల్లవాణ్ణి ఇంటికి పోకముందే చూసేస్తారు, అదీ ఇత్తడి కవచంతో. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకు అన్నం దిగడం లేదు. ఎంత మార్కులు వేసేవాడైనా ఒక తల్లి కన్న బిడ్డే కదా. ఆ సంగతి ఆయనకు పరాయివాళ్ళ నోట, అదీ నలుగురిలో తెలిస్తే ఏమైపోతాడు? తాను పోయి చెబుదామంటే పాపకు మళ్ళీ దగ్గు. మొగుడికి చెబుదామంటే, ఆయనకు ఇప్పటికీ అది రాణి మొహమే.

మీలో ఎవరైనా ఎమ్మిగనూరు వైపు పోయే పని పెట్టుకుంటే, శ్రీపాదరావు అయ్యవారి ఇల్లు అడిగి, విఠల్ ఎట్లా ఉన్నాడో ఒకసారి చూసి రండి. వరండాలో కూర్చుని ఏదైనా రాసుకుంటూ ఉంటే పలకరించి వచ్చేయండి, ఏమీ చెప్పొద్దు. తలుపు వేసుకుని ఉంటే మాత్రం తట్టండి. తీసేదాకా తట్టి, కాసేపు పక్కన కూర్చుని మాట్లాడి రండి.